రెండోసారి గెలిచిన కుక్కర్

పర్వతాలు క్షవరానికి కూర్చునే ముందు ఫోనుతో తన తలను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకుంటాడు. ఎందుకయ్యా అంటే, తేడా వస్తే మళ్లీ మొదటికి రావడానికి అంటాడు. కత్తిరించిన జుట్టు ఫోటో చూసి తిరిగొస్తుందా అని మంగలి ఎన్నిసార్లు నవ్వాడో! అయినా మానడు. ఇంట్లో ఫ్యాను విప్పాలన్నా ముందు ఫోటోయే, పెళ్లాం వంటింటి డబ్బాలు సర్దుతానన్నా ముందు ఫోటోయే. "నన్ను సుత పెండ్లికి ముందు ఫోటో తీసి పెట్టుకున్నవా ఏంది, తేడా వస్తే వాపస్ పోనీకి?" అని అనుపమ దెప్పుతుంది. పర్వతాలు నవ్వి ఊరుకుంటాడు. తీసి పెట్టుకున్న మాట నిజమే మరి.

ఈ జబ్బు ఉద్యోగం తెచ్చిపెట్టింది. బేగంపేటలో ఓ చిన్న కంపెనీకి సర్వర్లు చూసుకుంటాడు పర్వతాలు. అక్కడ ఒక పెద్ద యంత్రం పొట్టలో పది ఉత్తుత్తి యంత్రాలు నడుస్తుంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. వాటిలో సుఖం ఏమిటంటే, అవి ఈ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే, తెరిచిన పుస్తకాన్ని తెరిచినట్టే, దాచిపెట్టుకోవచ్చు. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. రేపు ఎవడైనా ఏదో నొక్కి సర్వనాశనం చేశాడనుకోండి, ఆ స్నాప్‌షాట్ తీసి పెడితే చాలు. యంత్రానికి మధ్యలో జరిగినదేదీ గుర్తుండదు. మనుషులకూ ఆ సదుపాయం ఉంటే ఎంత బాగుండునో అని పర్వతాలు అప్పుడప్పుడూ అనుకునేవాడు.

పుట్టింది బోయిన్‌పల్లిలో. తల్లి మార్కెట్లో టమాటాల గంపలు దింపించుకుని అమ్మిన మనిషి. పెళ్లయ్యాక మామగారి ఇంటి పై వాటాలోకి వచ్చాడు. ఆ ఇల్లు సైనిక్‌పురి దాటాక వీర్ విహార్ కాలనీలో ఉంది. అరవై ఇళ్ల కాలనీ, అన్నీ ఫౌజు నుంచి రిటైరైన వాళ్లవే. అక్కడ పాలవాడు కూడా టైమ్ తప్పడు. అలాంటి చోట పర్వతాలు అటు ఫౌజీ కాదు, ఇటు సొంత ఇంటివాడూ కాదు. ఆరేళ్లపాటు "ఇరవై మూడో నంబరోళ్ల అల్లుడు" అన్నదే అతని పేరు. పర్వతాలు అన్న పేరు కాలనీ నోట పలికించింది తంబోలా.

ప్రతి నెలా మూడో ఆదివారం సాయంత్రం అయిదింటికి కమ్యూనిటీ హాల్లో తంబోలా. టికెట్టు మీద పదిహేను అంకెలుంటాయి. పిలిచేవాడు ఒకటి నుంచి తొంభై దాకా ఉన్న అంకెల్లో ఒక్కొక్కటీ తీసి పిలుస్తుంటే, మన టికెట్టులో ఉన్నది కొట్టేసుకుంటూ పోవాలి. ఒక వరుస నిండితే చిన్న బహుమతి, పదిహేనూ నిండితే ఫుల్ హౌస్, పెద్ద బహుమతి. ఇదంతా సికింద్రాబాద్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వీర్ విహార్‌లో మాత్రం ఓ పట్టింపు ఉంది. టికెట్లు ఇంటి నంబరు వరుసలోనే పంచాలి. ఒకటో నంబరు ఇంటికి ఒకటో టికెట్టు, అరవయ్యో ఇంటికి అరవయ్యోది. వాళ్లు రాకపోతే ఆ టికెట్టు పక్కన పడుంటుందేగానీ ఇంకొకరికి ఇవ్వరు. లైను తప్పితే ఫౌజీ ప్రాణం ఒప్పుకోదు.

ఆ ఒకటో నంబరు ఇల్లు అనసూయమ్మది. డెబ్భై రెండేళ్లు. భర్త సాయిలు, ఫౌజులో నాయక్‌గా చేసి రిటైరైన మనిషి, ఇరవై ఏళ్లపాటు ఆ హాల్లో తంబోలా పిలిచాడు. పచ్చ కాన్వాసు సంచిలో తొంభై చెక్క బిళ్లలు పోసుకుని, గలగలా ఆడించి ఒక్కోటి తీసేవాడు. ఇరవై రెండు వస్తే "రెండు బాతులు", పదకొండు వస్తే "సన్న కాళ్లోడు" అని అరిచేవాడట. ఆయన పోయాక సంచి ఆమె ట్రంకు పెట్టెలోకి పోయింది. ఆర్నెల్లు తంబోలా ఆగింది. అప్పుడు పర్వతాలు తానే ఓ ప్రోగ్రాం రాసి, టికెట్లు అచ్చు వేసేదీ అంకెలు పిలిచేదీ కంప్యూటరే చేస్తుందన్నాడు. ముసలి ఫౌజీలు మొహాలు ముడుచుకున్నారు. అనసూయమ్మే లేచి నిలబడింది. "పిలగాడు మంచోడు. మిషన్ మాట నాకెర్కలేదు గని, ఈ పిలగానికి నేను జిమ్మా," అంది. ఆమె పూచీ పడ్డాక ముసలి ఫౌజీలు ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆమెను పెద్దమ్మ అంటాడు పర్వతాలు. అది వరసకు అన్నమాట కాదు, మనసులోంచి వచ్చిందే.

జనవరి ఆటలో పెద్దమ్మకు ఫుల్ హౌస్ తగిలింది. కంప్యూటర్ పిలవడం మొదలైన రెండేళ్లలో అదే మొదలు. అయిదు లీటర్ల కుక్కరు. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు ఆ కుక్కర్లోనే బగారా అన్నం వండి పదిళ్లకు పంపింది.

ఫిబ్రవరిలో ఆటకు రెండు రోజుల ముందు హాల్లో కంప్యూటర్ చెడింది. చెడగొట్టింది ఎవరో పర్వతాలుకు తెలుసు. కాలనీ ప్రెసిడెంటు సుబేదార్ విజయేందర్ పెన్షన్ కాగితం కోసం కూర్చుని, మీకు ఫోను బహుమతి వచ్చింది, నొక్కండి అని కనబడితే నొక్కాడు. తెర నిండా పిచ్చి బొమ్మలు. పర్వతాలు ఎవరికీ చెప్పలేదు. పెద్దమనిషి పరువు, మనకెందుకు? ఆ కంప్యూటర్లో కూడా తంబోలా నడిచేది ఓ ఉత్తుత్తి యంత్రంలోనే. జనవరి ఆటకు ముందు, ప్రోగ్రాం తెరిచి అంతా సిద్ధం చేశాక తీసిన స్నాప్‌షాట్ ఉండనే ఉంది. దాన్ని తిరిగి తెచ్చాడు. తేదీ జనవరి చూపిస్తోంటే దాన్ని కూడా సరిచేశాడు. అయిపోయిందనుకుని చేతులు దులుపుకున్నాడు.

ఆదివారం ఆట మొదలైంది. పై వరుస కాలనీలోనే ఉండే ప్రిసిల్లా టీచర్‌కు పడింది, స్టీలు టిఫిన్ డబ్బా. కాసేపటికి ముందు కుర్చీలోంచి సన్నగా ఓ గొంతు.

"అయ్యిందిరో... ఫుల్ హౌస్!"

అనసూయమ్మే. చప్పట్లు కొన్ని మోగాయి, సగంలో ఆగిపోయాయి. వెనక వరుసలో చెవులు కొరుక్కోవడం షురూ అయింది. కమిటీ వాళ్లు బేరం బాగుందని డిసెంబరులోనే అలాంటి కుక్కర్లు రెండు కొనిపెట్టారు, కాబట్టి బహుమతి కూడా అచ్చంగా అదే. సుబేదార్ సాబ్ టికెట్టు రెండుసార్లు సరిచూశాడు. అంకెలన్నీ ఒప్పే. అయినా మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"అరవై ఇండ్లల్ల వరుసగ రెండు నెల్లు ఒక్క ఇంటికే ఎట్ల వస్తది? మిషన్ నడిపేటోడు పెద్దమ్మ అంటడు, ఆమె బిడ్డా అంటది. నేనేం అంటలేను. మీరే సోచాయించుండ్రి."

ఏం అంటలేనంటూనే అనవలసింది మొత్తం అనేశాడు. ఎవరూ కాదనలేదు. ఎలా జరిగిందో పర్వతాలుకే అంతుపట్టలేదు మరి. అనసూయమ్మ కుక్కరు ముట్టుకోకుండా చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. అరగంటలో తిరిగొచ్చింది. జనవరి కుక్కరు తోమి, తుడిచి తెచ్చి, కొత్తదాని పక్కన పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పర్వతాలు ఒకటో నంబరు ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె గడపలోనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లోపలికి రమ్మనలేదు.

"బిడ్డా, ఒక్కటే అడుగుత. నా మీద ప్రేమతోనన్న, పావురంతోనన్న, ఇంక దేంతోనన్న, నువ్వేమన్న చేసినవా?"

"నీ మీద ఒట్టు పెద్దమ్మా, ఏం చెయ్యలే."

"మరి ఎట్లయింది?"

"అదే తెలుస్తలేదు."

ఆమె చిక్కుడుకాయ విరిచింది. "ఇరవై ఏండ్లు మా ఆయన పిలిచిండు. నేను ఎన్నడు గెలిచినా ఒక్కలు సుత అనుమానం పడలే. నా మొగని ముంగట నాకు రాని చెడ్డపేరు ఇయ్యాల వచ్చింది. ఎట్లయిందో ఎర్కయినంక రా. అప్పటిదాంక నేను ఆ హాల్ల అడుగుపెట్ట."

పర్వతాలు ఆ వారం అన్నం సరిగ్గా తినలేదు. ప్రోగ్రాం మొదటి నుంచి చివరి దాకా నాలుగుసార్లు చదివాడు. తప్పు కనిపిస్తేనా! కిందికి దిగితే కాలనీలో పలకరింపులు తగ్గాయి. ఆరేళ్లకు సంపాదించిన పేరు పోయి మళ్లీ ఇరవై మూడో నంబరోళ్ల అల్లుడయ్యాడు. తన పేరు పోతే పోయింది, ఆమె పేరు కూడా తనతోపాటే పోయిందే అన్నదే అతని బాధంతా.

తొమ్మిదో రోజున ప్రిసిల్లా టీచర్ మెట్లెక్కి వచ్చింది. గుంటూరు వైపు మనిషి, తిరుమలగిరిలో లెక్కలు చెబుతుంది. చిన్న కాగితం ముక్క కూడా పారెయ్యదు. ఆమె చేతిలో రెండు తంబోలా టికెట్లున్నాయి.

"పర్వతాలు గారూ, ఇది చూడండి. ఇది జనవరిది, నా డైరీలో గుర్తుకు పెట్టుకున్నాను. ఇది మొన్నటిది. ఒక్క అంకె కూడా తేడా లేదండీ. నాకూ రెండు నెలలూ పై వరుసే వచ్చింది. డబ్బాయే కదా అని ఎవరూ పట్టించుకోలేదు గానీ, నన్నూ దొంగనాల్సిందే కదండీ!"

పర్వతాలు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. తన నెత్తి మీద తానే ఒక్కటి వేసుకున్నాడు.

బేగంపేట ఆఫీసులో అతని బల్ల ఎదుట గోడ మీద ఓ కాగితం అంటించి ఉంటుంది. స్నాప్‌షాట్ నుంచి వెనక్కి తెచ్చిన యంత్రానికి కొత్త సీడ్ ఇవ్వకుండా ఎవరికీ అప్పగించవద్దు అని అందులో ఉంటుంది. రాసి అంటించింది సాక్షాత్తూ పర్వతాలే. కొత్తగా చేరిన వాళ్లకు అరగంట క్లాసు పీకేదీ అతనే. కంప్యూటరుకు నిజంగా చిట్టీలు తీయడం రాదు. మొదట ఒక అంకె ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి ఇంకో అంకె చేస్తుంది, దానిలోంచి ఇంకోటి. ఆ మొదటి అంకెనే సీడ్ అంటారు. స్నాప్‌షాట్ తీసినప్పుడు యంత్రంతోపాటు ఆ లెక్క కూడా ఎక్కడున్నది అక్కడే నిలిచిపోతుంది. వెనక్కి తెచ్చిన ప్రతిసారీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆఫీసులో అలా వదిలేస్తే రెండు యంత్రాలు పాస్‌వర్డులాంటి ఒకే తాళంచెవి తయారుచేస్తాయి, కొంప మునుగుతుంది. అక్కడ ఒక్కనాడూ మరిచిపోలేదు. ఇక్కడేమో తంబోలాయే కదా అనుకున్నాడు. తేదీ సరిచేశాడు గానీ, కొత్త సీడ్ ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు.

టీచర్‌ను అక్కడే కూర్చోబెట్టి హాలుకు పరుగెత్తాడు. స్నాప్‌షాట్ వెనక్కి తెచ్చి ఆట మొదలుపెట్టాడు. అరవై మూడు, ఎనిమిది, నలభై ఒకటి. మళ్లీ తెచ్చాడు. అరవై మూడు, ఎనిమిది, నలభై ఒకటి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికొచ్చి చెబితే అనుపమ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అంటే పెద్దమ్మ దొంగ కాదు, నువ్వు దొంగవు కావు. నువ్వు ఉత్త మతిమరుపోనివి, అంతే గద! పో, పోయి అందరి ముంగట గదే చెప్పు."

మార్చి మూడో ఆదివారానికి హాలు నిండింది. ఆట కోసం కాదు, తమాషా చూడ్డానికి. అనసూయమ్మ వచ్చింది. ముందు కుర్చీలో కాదు, తలుపు పక్కన నిలబడింది. చేతిలో పచ్చ కాన్వాసు సంచి. పర్వతాలే పొద్దున వెళ్లి, ఎట్లయిందో ఎర్కయింది పెద్దమ్మా, సంచి పట్టుకుని రా అని బతిమాలాడు.

పర్వతాలు గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది. పెద్దమ్మది కాదు, మిషన్‌ది సుత కాదు. చెప్పుడెందుకు, చూపిస్త. సుబేదార్ సాబ్, జెర కాగితం మీద అంకెలు రాసుకోండ్రి."

మొదటిసారి స్నాప్‌షాట్ తెచ్చాడు. కంప్యూటర్ పిలిచింది, సుబేదార్ రాసుకున్నాడు. అరవై మూడు, ఎనిమిది, నలభై ఒకటి, డెబ్భై ఏడు. ఆపేశాడు. రెండోసారి తెచ్చాడు. అవే అంకెలు. హాల్లో గుసగుసలు. మూడోసారి తెచ్చేసరికి పిల్లలకు విషయం అర్థమైపోయింది. యంత్రం నోరు తెరవకముందే "అరవై మూడూ!" అని కేక పెట్టారు. ఆ తర్వాత పెద్దవాళ్లూ కలిశారు. "ఎనిమిదీ!" "నలభై ఒకటీ!" డెబ్భై ఏడుకు వచ్చేసరికి రిటైరైన హవల్దార్లు కూడా కుర్చీలు చరుస్తూ అరుస్తున్నారు. సుబేదార్ సాబ్ ఒక్కడే అరవలేదు. చేతిలో కాగితం వైపే చూస్తున్నాడు.

"జనవరి ఆట అసలైంది," అన్నాడు పర్వతాలు. "ఆ కుక్కర్ పెద్దమ్మ నిజంగ గెలిచిందే, ఆమెకు వాపస్ ఇయ్యాలె. ఫిబ్రవరిది ఆట కాదు, జనవరి ఆటనే నేను మల్ల ఆడిపిచ్చిన. మాఫ్ చెయ్యండ్రి."

"అసలు వాపస్ తెచ్చుడు ఎందుకు వడ్డది? మిషన్‌కు ఏమైంది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

సుబేదార్ విజయేందర్ మెడ ఎర్రబడింది. పర్వతాలు అటు చూడనైనా చూడలేదు. "ఏదో అప్‌డేట్ తేడా కొట్టింది," అని తేల్చేశాడు.

"మల్ల గిట్ల కాకుండ?" అన్నాడు సుబేదార్, గొంతు కాస్త తగ్గించి.

"ప్రతి ఆటకు ముంగట మిషన్‌కు కొత్త అంకె ఇయ్యాలె సార్. మిషన్ లోపటి అంకె కాదు, బయటిది. దానికి ముందుగాల తెల్వనిది." పర్వతాలు తలుపు వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వు తియ్యాలె."

అనసూయమ్మ ముందుకొచ్చింది. సంచి మూతి తాడు విప్పింది. గలగలా ఆడించింది. ఆ చప్పుడు హాలు విని మూడేళ్లు కావస్తోంది. మొదటి బిళ్ల తీసి, కళ్లకు దగ్గరగా పట్టుకుని, భర్త పిలిచినట్టే పిలిచింది.

"రెండు బాతులు!"

చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. అలా ఆరు బిళ్లలు తీసింది. పర్వతాలు ఆ ఆరు అంకెలూ వరుసగా కొట్టి, సీడ్‌గా ఇచ్చాడు. కొత్త టికెట్లు అచ్చు వేసి పంచారు. ఆట మొదలైంది. మొదటి అంకె అరవై మూడు కాదు, అయిదు. అందరూ ఊపిరి పీల్చుకుని పెన్నులు తీశారు. సుబేదార్ సాబ్ ముందు వరుస మొదటి కుర్చీని తన జేబురుమాలుతో తుడిచి, "కూసోండ్రి అనసూయమ్మా," అన్నాడు. ఆమె కూర్చుంది.

ఆ రోజు పెద్దమ్మకు ఒక్క వరుస కూడా రాలేదు. ప్రిసిల్లా టీచర్‌కూ రాలేదు. ఒకటే అంకె మిగిలిన వాళ్లు ముగ్గురు, నలుగురు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. కంప్యూటర్ ఎనభై నాలుగు అంది.

"ఫుల్..." అని ఓ గొంతు సగం పలికి ఆగిపోయింది.

అందరూ తిరిగి చూశారు. సుబేదార్ విజయేందర్. టికెట్టు చేతిలో ఉంది. ప్రెసిడెంటు ఆయనే, మైకు పక్కన కూర్చున్నదీ ఆయనే. వెనక వరుసలో అప్పుడే ఎవరో దగ్గారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. నెల కిందట అనసూయమ్మ చుట్టూ మూగిన అనుమానమే ఇప్పుడు ఆయన చుట్టూ మూగింది. ఆయన మొహం చిన్నబోయింది. "మిషన్ చెక్ చేసుకోండ్రి... కావాలంటే..." అని గొణిగాడు.

పర్వతాలు లేవబోయాడు. అంతకుముందే అనసూయమ్మ లేచింది. సుబేదార్ చేతిలోంచి టికెట్టు తీసుకుని, అంకె అంకె తెరతో సరిచూసింది. తొందరేమీ పడలేదు. పదిహేనూ చూశాక టికెట్టు ఆయన చేతికి తిరిగిచ్చి, హాలు వైపు తిరిగింది.

"బిళ్లలు నా చేత్తోని తీసిన. మిషన్‌కు ఇచ్చినోడు నా బిడ్డ. సుబేదార్ సాబ్ నిజాయితీగనే గెలిచిండు, ఈయనకు నేను జిమ్మా. ఇగ చప్పట్లు కొట్టరేంది?"

కొట్టారు, గట్టిగానే కొట్టారు. పర్వతాలు బల్ల మీద మిగిలిపోయిన రెండో కుక్కర్ తెచ్చి సుబేదార్ చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెద్ద మీసం మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అనసూయమ్మా," అన్నాడు. "ఆ దినం మీకు నేను జిమ్మా అని ఈ ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలేకపోయిన."

అనసూయమ్మ బిళ్లలు సంచిలో పోసి, తాడు బిగించి, ఆ సంచిని పర్వతాలు కంప్యూటర్ పక్కన పెట్టింది. మళ్లీ ట్రంకు పెట్టెలోకి తీసుకుపోలేదు.

"వచ్చే నెల మొదటి బిళ్ల మీరే తీద్దురు," అంది. "టికెట్టు కింద వడ్డది, తీస్కోండ్రి."